పూటకొక్క బిళ్ళ

తెలియక చేసిన తప్పును దేవుడు మన్నిస్తాడని పెద్దలు చెబుతారు. మరి తెలిసి కూడా తెలియనట్టు ఊరుకున్న తప్పు సంగతేమిటి? ఈ సందేహం నాకు పదకొండేళ్లుగా ఉంది. పొద్దున్నే స్నానం చేసి దండం పెట్టుకునేటప్పుడు అది లోపల కదులుతుంది. చొక్కా తొడుక్కుని పనికి బయలుదేరగానే సద్దుమణుగుతుంది.

ఆ రోజు మాత్రం సద్దుమణగలేదు. పదకొండు గంటల ఎండలో, పరుగుపందెం చివరి మలుపులో, అందరికంటే ముందున్న పిల్ల రెండడుగులు పక్కకు వేసి బొక్కబోర్లా పడిపోయింది.

అవి ఆడపిల్లల జట్టు ఎంపిక పోటీలు. మొదటి ముగ్గురికి ఏడాదిపాటు శిబిరంలో చోటు, తిండి, బస, బూట్లు, నెలకు నాలుగు వేలు. పడిపోయిన పిల్లకు పదిహేడేళ్లు. సన్నగా, ఒకచోట నిలవకుండా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. వచ్చే ఏడాదికి వయసు మించిపోతుంది. ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

క్రీడా సంఘం అధ్యక్షురాలి వెనకే నేనూ పరుగెత్తాను. ఆమె నాకు యజమానురాలు కూడా. ఆటగాళ్ల జెర్సీలు కుట్టే ఫ్యాక్టరీ ఆమెది. అక్కడ వేళలు రాసే గుమాస్తాను నేను. కుట్టేవాళ్లు గడియారం బాబాయ్ అంటారు. మేడమ్ అధ్యక్షురాలయ్యాక సంఘం కాగితాలు కూడా నా చేతికే వచ్చాయి.

పిల్లను టెంటు నీడలో పడుకోబెట్టారు. డాక్టరు నాలుక చూసి, చర్మం పట్టి చూసి సెలైను ఎక్కించాడు.

"ఒంట్లో నీళ్లు లేవు. పొద్దుట్నుంచి చుక్క కూడా తాగినట్టు లేదు."

సంఘం కార్యదర్శి పెదవి విరిచాడు. "చూశారా మేడమ్? ఇలాంటివాళ్లను శిబిరానికి పంపితే రేపు మన పరువు పోతుంది. అనర్హురాలని రాసేశాను. మీరో సంతకం పడేస్తే పనైపోతుంది."

మేడమ్ కాగితం అందుకుని, వంగి పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. "నీళ్ల సీసాలు పంచాం కదమ్మా. ఎందుకు తాగలేదూ?"

"తాగితే మళ్లీ వెళ్లాలి కదండీ," అంది పిచ్చుక. "బాత్రూముకి తాళం వేశారు. తాళంచెవి సార్ జేబులో ఉంటుంది. నిన్న అడిగితే, పరుగెత్తడానికొచ్చావా, దీనికొచ్చావా అన్నారు. అందరూ నవ్వారు."

"ఏదో సరదాకన్నాను," అన్నాడు కార్యదర్శి. "తెరిచి ఉంచితే దారిన పోయేవాళ్లంతా వచ్చి పాడు చేస్తారు మేడమ్."

"ఒకసారి అడగడానికే సిగ్గేసిందండీ. ఇంక రెండోసారి ఏం అడుగుతాను? అయినా నాకు అలవాటేలెండి. చిన్నప్పుడే మా అమ్మ నేర్పింది. పొద్దున్న నీళ్లు తాగకపోతే మధ్యాహ్నం దాకా అవసరమే రాదట. అమ్మ పనిచేసేచోట బాత్రూముకి పోవాలంటే పూటకొక్క ఇత్తడి బిళ్ళే ఇస్తారు. రెండోసారి పోతే కూలిలో ముప్పై కోస్తారు."

కార్యదర్శికి మాట మళ్లించే సందు దొరికింది. "ఎక్కడమ్మా అంత ఘనమైన ఉద్యోగం?"

పిచ్చుక అమాయకంగా మేడమ్ వైపు చూసింది. "వీళ్ల దగ్గరేనండీ. కాలర్లు కుడుతుంది."

టెంటులో అందరూ ఉన్నట్టుండి తమ తమ పనుల్లో పడిపోయారు. నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. మేడమ్ పిల్ల నుదుటి మీది చెయ్యి తీయబోయి, తీయలేక అలాగే ఉంచింది.

మేడమ్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒక పాత ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చుని చొక్కాలు కుట్టేది. అది మూతపడినప్పుడు రెండు మిషన్లు అప్పు మీద కొని ఒక రేకుల షెడ్డులో పెట్టింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు నలభయ్యాయి. స్కూళ్ల జట్లకు ఉచితంగా జెర్సీలు ఇచ్చింది. బూట్లు లేని ఆడపిల్లలకు బూట్లు కొనిపెట్టింది. పోయిన ఏడాది సంఘం వాళ్లు ఇంటికొచ్చి మరీ అధ్యక్షురాలిగా ఉండమన్నారు. ఆ రోజు ఆమె మాట్లాడుతూ, ఆడపిల్లలు దేనికీ ఒకరిని అడుక్కోకూడదు అంది. నేను చప్పట్లు కొట్టాను.

షెడ్డు రోజుల్లో బిళ్ళలు లేవు. పదకొండేళ్ల కిందట ఒక పెద్ద సరుకు నాలుగు రోజులు ఆలస్యమై నష్టం వచ్చింది. "పాత ఫ్యాక్టరీలోలాగా బిళ్ళలు పెడితే లైను ఆగదండీ," అన్నాను. ఆమె ఒక రోజంతా ఆలోచించింది. మర్నాడు సరే అంది. ఇత్తడి బిళ్ళలు నేనే చేయించాను, వాటిని తగిలించే మేకుల బోర్డు నేనే గోడకు కొట్టాను. ఎండాకాలంలో కూడా కుండలో నీళ్లు తగ్గకపోవడం రోజూ చూశాను. చూసి, వీళ్లకు దాహం తక్కువ కాబోలు అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా అంటే చెప్పలేను.

"రిపోర్టు సాయంత్రంలోగా వెళ్లాలి మేడమ్," అన్నాడు కార్యదర్శి.

"తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది ఆమె. దాన్ని అక్కడున్న ఒక పిల్ల చేతిలో పెట్టి, సంతకం లేని కాగితం మడిచి, కారు దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లి కారెక్కాను.

ఫ్యాక్టరీలో నూట నలభై మిషన్లూ నడుస్తున్నాయి. పిచ్చుక వాళ్లమ్మ, అందరూ కాలర్ల అక్క అంటారు, మూడో వరసలో తల వంచుకుని కుడుతోంది. ఒక కాలరుకు రెండున్నర రూపాయలు. ఎంత వేగంగా కుట్టినా రోజుకు నాలుగు వందల ఇరవై దాటదు. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు.

"విషయం తెలిసిందా నీకు?" అని అడిగింది మేడమ్.

"గంట కిందటే ఫోనొచ్చిందండీ. పిల్ల లేచిందా?"

"లేచింది. మరి రాలేదేం?"

లైను చూసే ఆవిడ అందుకుంది. "ఈ పూట బిళ్ళ వాడేసుకుంది మేడమ్. భోజనాల బెల్లు దాకా ఆగమన్నాను. తను లేస్తే వెనక పన్నెండు మిషన్లు ఆగిపోతాయి. బాబాయ్ చెప్పిన రూలే కదా!"

నేను గోడ మీది మేకుల బోర్డు వైపు చూశాను.

"అక్కా," అంది మేడమ్. ఆ పిలుపు విని చాలా ఏళ్లయినట్టుంది, కాలర్ల అక్క మొదటిసారి మిషను ఆపింది.

"ఇప్పుడు అక్కనయ్యానా? పాత ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కూర్చున్నప్పుడు పిలిచేదానివి. నీకు కడుపులో నలుసు పడ్డ కొత్తలో ఒకటే వాంతులు. నీ బిళ్ళ అయిపోయింది. నాది నీకిచ్చి, సాయంత్రం దాకా పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. రేపు నాదిస్తాను అక్కా అన్నావు. ఆ మర్నాడే నన్ను వేరే వరసలోకి మార్చారు. పందొమ్మిదేళ్లు. నువ్వు పెద్దదానివయ్యావు, సంతోషమే. బిళ్ళ మాత్రం అలాగే ఉండిపోయింది."

వాంతుల మాట వినగానే పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వబోయి, మేడమ్ మొహం చూసి ఆగిపోయారు. ఆమె మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. మడిచిన కాగితం విప్పి నాకిచ్చింది.

"అనర్హురాలన్నది కొట్టేయండి. వారం తర్వాత మళ్లీ పరుగెత్తిస్తామని రాయండి. కారణం దగ్గర మన మైదానంలో బాత్రూముకి తాళం వేశామని రాయండి. ఈ బోర్డు సంగతి కూడా రాయండి."

"ఫ్యాక్టరీ పేరుతోనా అండీ?"

"నా పేరుతో."

"అది మీ ఒక్కరి తప్పు కాదండీ, ఆ సలహా..." అన్నాను. నా వంతు తప్పు నేను చెప్పుకోవాలనే మొదలుపెట్టాను.

"తర్వాత చెబుదురుగాని, బాబాయ్." ఆమె చేతిగడియారం తీసి సంచిలో వేసుకుంది. "అక్కా, లే. కారు బయటుంది. పిల్ల దగ్గరికి వెళ్లు. నీ కాలర్లు నేను కుడతాను. నీ లెక్కలోనే."

"ఎన్నాళ్లయింది నువ్వు మిషను ఎక్కి? వంకరగా కుడితే నా కూలిలో కోస్తారు, చూసుకో," అంది కాలర్ల అక్క. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆమె లేచింది. అలవాటు కొద్దీ నా చెయ్యి మేకుల బోర్డు మీదికి పోయింది. ఒక బిళ్ళ తీసి చాపాను. ఆమె దాన్నీ, నన్నూ చూసింది.

"వద్దు బాబాయ్. ఇకనుంచి అది పట్టుకుని వెళ్లను."

కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మం దాటి వెళ్లిపోయింది. మేడమ్ కుట్టిన మొదటి కాలరు నిజంగానే వంకర పోయింది. దారం పీకి, తల ఎత్తకుండా మళ్లీ మొదలుపెట్టింది. వెనక పన్నెండు మిషన్లూ ఆమె కోసం ఆగి ఉన్నాయి. వాటిలో చివరి మిషను దగ్గర ఒక పిల్ల లేచి నిలబడింది. బోర్డు వైపు చూడకుండానే బాత్రూముకి నడిచింది. నా చేతిలో బిళ్ళ చెమటకు తడిసిపోతోంది.