కౌంటెస్ గారి ఉంగరం వేలు

ఆ పొద్దున పారిస్ మీద ఆకాశం అంట్లు కడిగిన నీళ్లలా ఉంది. మా బావ ఎవారిస్త్ కిటికీ దగ్గర కూర్చుని దానికే గులాబి రంగు వేస్తున్నాడు. గొప్పింటి ఆడవాళ్ల పత్రికకు బొమ్మలు గీయడం ఆయన పని. ఆ పత్రికలో ఎన్నడూ వాన పడదు.

బావకు చేతులు గీయడం రాదు. అందుకే తన బొమ్మల్లో ఆడవాళ్ల రెండు చేతులూ చలికాలపు బొచ్చు తొడుగులో దూర్చేసేవాడు. అది చూసి నగరంలోని దొరసానులు మండువేసవిలో బొచ్చు తొడుగులతో తిరిగారు. గుర్రప్పందేల దగ్గర ఇద్దరు సొమ్మసిల్లారు. వాళ్లు పడిన తీరు ఎంతో నాజూగ్గా ఉందని పత్రిక రాసింది.

ఇప్పుడు చిక్కొచ్చి పడింది. భర్త పోయిన కౌంటెస్ ద బ్రెసోల్‌కు మళ్లీ పెళ్లి కుదిరింది. వరుడు బ్యాంకు యజమాని, పత్రికలో సగం ఆయనదే. ఆయన తొడిగిన ఉంగరం కనబడేలా ఆమె బొమ్మ సాయంత్రానికి రాకపోతే వేరేవాణ్ణి చూసుకుంటామని ఎడిటర్ కబురంపాడు. చూసి గీద్దామంటే బావ భార్య, మా చెల్లెలు క్లొతీల్ద్ బట్టలుతికే పనికి పోయింది. నేను బొగ్గు బస్తా దించడానికి వచ్చి దొరికిపోయాను.

"బావా, నీ చెయ్యి కాస్త ఇలా పెట్టు," అన్నాడు ఎవారిస్త్ నాతో.

"బొగ్గు మోసే చెయ్యయ్యా ఇది. కౌంటెస్‌కు తగిలిస్తావా?"

"మసి నేను వెయ్యన్లే. కదలకు, చాలు."

బావ మొదటిసారి కళ్లారా చూసి గీశాడు. కణుపులతో సహా దిగింది. దానికి తెల్లరంగు పూసి, పైన వజ్రపుటుంగరం తొడిగాడు. ఉంగరం కనబడుతోంది కదా అని ఎడిటర్ అచ్చుకు పంపేశాడు.

వారం తిరిగి పత్రిక వచ్చేసరికి, నా మోటు వేలి మీద ఆ వజ్రం పప్పుగింజంత కనబడింది. కౌంటెస్ చేతి సంగతి పట్టించుకోలేదు. "నాకు తొడిగింది ఇంతేనా?" అని పెళ్లికొడుకును నలుగురిలో నిలదీసింది. ఆయన అంతకు మూడింతల రాయి కొనిచ్చాడు. ఆమె మురిసింది, నగల వ్యాపారి మురిశాడు. పెళ్లికొడుకు మాత్రం నేరుగా ఎడిటర్ గదికి వెళ్లాడు.

ఆ సాయంత్రం బావ పత్రిక చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏమన్నారు?" అంది క్లొతీల్ద్.

"రేపట్నుంచి రావద్దన్నారు."

"చెయ్యి బాలేదనా?"

"మరీ బాగుందని."

"ఆ బొచ్చు తొడుగేదో వేసి పారేస్తే పోయేది కదయ్యా!" అంటూనే ఆమె పత్రిక లాక్కుని దీపం దగ్గర పట్టుకుంది. చాలాసేపు చూసింది. "అచ్చం అన్నయ్య చెయ్యే," అంది మెల్లగా.

ఆమె పత్రిక పక్కన పెట్టి, పందికొవ్వు వేసి కాచిన క్యాబేజీ సూపు వడ్డించింది. నేను రొట్టె కోశాను. పెద్ద ముక్క బావ ముందు పెట్టాను.