తెరేసమ్మ గ్లాసు

మా వంటింటి వెనక బాల్కనీలో, గ్రైండర్ పక్కన గట్టు మీద బోర్లించి ఉండే స్టీలు గ్లాసు ఆ మంగళవారం పొద్దున కనపడలేదు.

మా పెళ్ళికి మేనత్త ఇచ్చిన ఆరు గ్లాసుల్లో అదొకటి. మా వైపు కానుకగా స్టీలు సామాను ఇస్తే కొట్లోనే పేర్లు కొట్టించి ఇస్తారు. దాని మీద కూడా చుక్కలు చుక్కలుగా 'తిరుపతిరావు – సంపూర్ణ' అని ఉంటుంది. ఒకసారి కిందపడి అంచు సొట్టపోయింది. ఎనిమిదేళ్ళ కిందట తెరేసమ్మ మా ఇంట్లో పనికి కుదిరినప్పుడు దాన్ని ఆమె టీకి కేటాయించాను. తాగుతుంది, కడుగుతుంది, బోర్లిస్తుంది. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఎందుకని నేనెప్పుడూ అనుకోలేదు. పుట్టింట్లో అంతే, అత్తగారింట్లోనూ అంతే.

"అమ్మగారూ, నా గ్లాసేదండీ?" అని ముందు ఆమే అడిగింది.

సింకు కింద వెతికింది. గ్రైండర్ వెనక చెయ్యి పెట్టి చూసింది. నేనూ వెతుకుతున్నట్టే ఉన్నాను గాని, నా చూపు గుమ్మం దగ్గర ఆమె పెట్టుకున్న సంచీ మీదే ఉంది. తీసినవాళ్ళే ముందు అడుగుతారని మా అత్తగారు అనేవారు. శ్రావణమాసం పేరంటానికి తెచ్చిన పేపర్ కప్పుల ప్యాకెట్ మిగిలి ఉంటే విప్పి, అందులో టీ పోసి ఇచ్చాను.

సొట్ట గ్లాసు పోతే పోయింది. కానీ ఇవాళ గ్లాసు, రేపు వెండి కుందులు. కుందులు బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దున్నే పూజకు తియ్యడం, హారతి అవగానే మళ్ళీ లోపల పెట్టడం. గ్లాసు సంగతి తెలిస్తే కొండెక్కి కొబ్బరికాయ కొడతానని దుర్గమ్మకు మొక్కుకున్నాను.

ఆ వారమంతా నాకు ఏది చూసినా అనుమానమే. మా అమ్మాయి సింధూరి గన్నవరం దారిలో డిగ్రీ కాలేజీలో చదువుతోంది. శనివారం వాళ్ళ కాలేజీలో 'కలివిడి' అని ఏదో జరుగుతుందట. మూడో అంతస్తు నజీమాగారి అమ్మాయి అఫ్సా, ఇదీ ఒకే క్లాసు. ఇద్దరూ గదిలో చేరి తలుపేసుకుంటారు. నేను వెళ్తే అట్టలన్నీ బోర్లించేస్తారు.

"ఏంటే అవి?"

"శనివారం చూద్దువు గానిలే అమ్మా."

"సస్పెన్స్ ఆంటీ," అని అఫ్సా నవ్వింది.

వాళ్ళిచ్చిన కాగితం మీద 'అన్ని సంస్కృతుల కళలు, సామాజిక న్యాయం' అని ఉంది. కళలంటే తెలుసు. న్యాయానికి కోర్టులున్నాయి కదా, కాలేజీలో దాని పనేమిటని మా ఆయన్ని అడిగాను. ఆయన ఆటోనగర్‌లో షాపు తీసే హడావిడిలో ఉన్నారు. "ఏవో డాన్సులేలే," అని వెళ్ళిపోయారు.

బుధవారం మేడ మీద బట్టలు ఆరేస్తూ రావమ్మ పిన్నిగారితో గ్లాసు మాట అన్నాను. ఆవిడ మా అపార్టుమెంటు సెక్రటరీ భార్య.

"తెరేసమ్మ తీసిందని నేను అనట్లేదు పిన్నిగారూ. కనపడట్లేదు, అంతే."

"మనం అనాలా ఏంటి సంపూర్ణా? కాళ్ళొచ్చి లిఫ్టెక్కి వెళ్ళిపోయిందా?"

సాయంత్రానికి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆవిడ పెట్టిన మెసేజ్ కనపడింది: '202లో సామాను పోయింది. పనివాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచండి.' సామాను కాదు, సొట్టపోయిన గ్లాసు అని రాయాలనిపించింది. రాయలేదు.

గురువారం నాటికి రావమ్మ పిన్నిగారూ, 401 వాళ్ళూ తెరేసమ్మను పనిలోంచి మాన్పించారు. ఆమె మా ఇంటికి వచ్చి, చీపురు పట్టుకోకుండా హాలు మధ్యలో నిలబడింది.

"నా గ్లాసు నేనెందుకు ఎత్తుకుపోతానండీ? మా ఇంట్లో గ్లాసుల్లేవా? అందులో తాగమని పెట్టింది మీరు. దాని మీద నాకు మోజేంటి?"

"నేను నిన్నేమన్నాను తెరేసమ్మా?"

"ఏమీ అనలేదు. అందుకే అడుగుతున్నా. రెండిళ్ళు పోయినాయి. ఇంకో రెండు పోతే ఈ బిల్డింగుకి నేను రానక్కర్లేదు."

సింధూరి ఒక పక్కన చున్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. దాని చెయ్యి ఆగింది. పనిమనిషి గొంతు పెంచితే పిల్ల బెదిరిందనుకున్నాను.

"నాకు తెలియదమ్మా," అన్నాను తెరేసమ్మతో. అది నిజం. కానీ నిజం చెప్పినట్టు అనిపించలేదు. ఆ రోజు దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే అమ్మవారి ముఖం బదులు చీపురు లేకుండా నిలబడ్డ ఆ మనిషే కనపడింది.

శనివారం నజీమాగారూ నేనూ రామవరప్పాడు రింగు దగ్గర బస్సెక్కి కాలేజీకి వెళ్ళాం. స్టేజీ మీద ఒకమ్మాయి కూచిపూడి చేసింది. అది అవుతుండగానే డప్పులు మొదలైనాయి. ఆ డప్పులకు కూడా ఆ పిల్ల అడుగు వేసింది. ఆ తర్వాత ఖవ్వాలీ. బాగున్నాయి. అయినా వీటి వెనక ఏం నూరిపోస్తున్నారో, ఎక్కడ మతం మార్చే మాట వస్తుందో అని చెవులు రిక్కించుకునే కూర్చున్నాను. అలాంటిదేమీ రాలేదు.

తర్వాత పైన ఒక గదిలోకి తీసుకెళ్ళారు. 'మా ఇంటి నుంచి ఒక వస్తువు' అని బోర్డు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి పెట్టారు. అఫ్సా ఒక చిన్న నోటుబుక్కు తెరిచి పెట్టింది. అద్దె ఇంటి కోసం వాళ్ళ నాన్న ఫోన్ చేసిన పదకొండు ఇళ్ళ నంబర్లు, ఒక్కోదాని పక్కన 'శాకాహారులకే' అని రాసి కొట్టివేతలు. పన్నెండోది మా అపార్టుమెంటు. నజీమాగారు దాని దగ్గర ఆగకుండా ముందుకు నడిచారు.

ఆ పక్కన, తెల్లగుడ్డ మీద, బల్బు కింద, గ్లాసు.

'ఈ గ్లాసులో మా ఇంట్లో ఒక్కరే తాగుతారు. ఎందుకు?' అని కార్డు. సింధూరి చేతిరాత. వచ్చినవాళ్ళు కార్డు చదివి, వంగి గ్లాసు మీద చుక్కల్లో మా ఇద్దరి పేర్లూ చదువుతున్నారు.

దొంగతనం కాదని తెలిసి ముందు ప్రాణం తేలికపడింది, ఆ మాట దాచను. మొక్కు కూడా గుర్తొచ్చింది. ఆ వెనకే తెరేసమ్మకు పోయిన రెండిళ్ళు గుర్తొచ్చాయి.

"మీ పేరు బాగా కనపడుతోందండీ," అన్నారు నజీమాగారు.

నేను కార్డు మళ్ళీ చదువుతున్నట్టు వంగాను.

"మొన్న నేనొచ్చినప్పుడు మీరు నాకూ పేపర్ కప్పే ఇచ్చారు."

"అయ్యో, ప్యాకెట్ విప్పి ఉంటే ఇచ్చానండీ. ఇంకేం లేదు."

"నేనూ అలాగే అనుకున్నాను. కాకపోతే అలా అనుకోడానికి రెండు రోజులు పట్టింది."

ఆవిడ నవ్వుతూనే అన్నారు. అది నవ్వో కాదో తేల్చుకోలేకపోయాను.

సింధూరిని వరండాలోకి పిలిచాను. తిడతాననుకుని ముందే సిద్ధమై వచ్చింది.

"అడిగితే ఇచ్చేదానివా నువ్వు?"

"ఇచ్చేదాన్ని కాదు. అది వేరే మాట. గ్లాసు తీసింది తెరేసమ్మేనని బిల్డింగంతా అనుకుంటున్నారు. తెలుసా?"

"గురువారం ఆవిడ వచ్చి అడిగినప్పుడు తెలిసింది."

"మరి అప్పుడే చెప్పొద్దూ?"

"చెప్తే గ్లాసు వెనక్కి తీసుకుంటావనుకున్నా. రెండు రోజులే కదమ్మా, శనివారం అయ్యాక చెబుదామనుకున్నా."

ఆవిడకు న్యాయం కావాలని పెట్టిన వస్తువు కోసం ఆవిడ్నే రెండు రోజులు దొంగగా ఉంచింది. దాన్ని ఏమనడానికి నాకు మాత్రం నోరేది? వేరే గ్లాసు పెట్టింది నేను. ఆ మాట మేడ మీదకు మోసిందీ నేనే. తిరుగు బస్సులో సింధూరి ఒక సీట్లో, నేను ఒక సీట్లో కూర్చుని వచ్చాం.

ఆదివారం పొద్దున తెరేసమ్మ ప్రార్థనకు వెళ్ళేముందు పనికి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. సింధూరి క్షమాపణ అడిగింది.

"నా కోసమే పెట్టావా పాపా అది?"

"నీ కోసమే."

"నాకోసమైతే నాకు చెప్పొద్దా? నా సంగతి ఊళ్ళోవాళ్ళకి చూపించేముందు నన్నొక మాట అడగొద్దా?"

సింధూరి ఏడ్చింది. తెరేసమ్మ ఓదార్చలేదు. నా వైపు తిరిగి, "గ్రూపులో రాయండమ్మా," అంది.

నా ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం నాకు నెమ్మది. పదో తరగతి చదువు నాది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'మా సామాను దొరికింది' అని కొట్టాను.

"చదవండి," అంది. చదివాను.

"దొరికింది అంటే నేను తెచ్చి పెట్టాననుకుంటారు. మీ పాప తీసుకెళ్ళిందని రాయండి. తెరేసమ్మ తియ్యలేదని నా పేరు పెట్టి రాయండి. సామాను అనొద్దు, గ్లాసు అనండి. ఎవరు తాగే గ్లాసో కూడా రాయండి."

చివరి మాట దగ్గర నా వేలు చాలాసేపు ఆగింది. రాశాను. నొక్కాను.

ఉప్మాకు రవ్వ వేయించేలోపు 401 వాళ్ళు ఆమెకు ఫోన్ చేశారు. సాయంత్రం నుంచి రమ్మన్నారు. రావమ్మ పిన్నిగారు గ్రూపులో ఒక నమస్కారం బొమ్మ పెట్టారు. అంతే. ఆవిడ అప్పటికే వేరే మనిషిని పెట్టుకున్నారు.

మేము తాగే గ్లాసుల్లో ఒకటి తీసి టీ పోసిచ్చాను. తెరేసమ్మ అది ఏ గ్లాసో చూడలేదు. నిలబడే తాగింది.

"నెలాఖరు దాకా వస్తానండీ. తర్వాత ఇంకొకర్ని చూసుకోండి."

"అందరికీ తెలిసేలా రాశాను కదా తెరేసమ్మా."

"రాశారు. 401కి వెళ్తాను. మీ ఇంట్లో మాత్రం రేపొక చెంచా కనపడకపోతే ముందు నేనే గుర్తొస్తాను మీకు. గుర్తు రాకపోయినా, గుర్తొచ్చాననే అనిపిస్తుంది నాకు."

అలా అనుకోను అని చెప్పబోయాను. పూజగది తలుపు తెరిచే ఉంది. లోపల కుందులు లేవు, ఇంకా బీరువా తాళంలోనే ఉన్నాయి.

"నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి," అన్నాను.

"పన్నెండే," అని అంట్ల ముందు కూర్చుంది.