ఎర్ర బాణం

ఫ్యాక్టరీలో నన్నందరూ డేగకన్ను అంటారు. అది పొగడ్తో తిట్టో నాకు తెలీదు గానీ, ఆ పేరు ఊరికే రాలేదు. కుట్టి వచ్చిన ప్రతి చొక్కా నా బల్ల మీదుగానే పెట్టెలోకి వెళ్ళాలి. ఊడిన దారం, వంకర కాలరు, నూనె మరక, ఏది కనిపించినా అక్కడొక చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అతికించి వెనక్కి తోసేస్తాను. బాగున్న చొక్కా వంక రెండోసారి చూడను. చూడ్డానికి తీరికెక్కడిది?

ఈ చూపు నాతోపాటు ఇంటికీ వస్తుంది, అదే నా ఖర్మ. గ్లాసు మీద వేలిముద్ర ఉన్నా, గోడమీద పటం కాస్త పక్కకి ఒరిగినా నాకు నిద్ర పట్టదు. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా జనం చేత మాటలు పడీ పడీ రాటుదేలిపోయాడు కాబట్టి నా నస తట్టుకుంటున్నాడు. "మా తల్లీ, ఈ ఇంట్లో బాణం పడనిది నేనొక్కణ్ణే" అంటాడు.

నాకు కడుపొచ్చాక, మూడో నెల చివర్లో స్కానింగుకి వెళ్ళాం. డాక్టరమ్మ ముందే చెప్పింది.

"ఇది వడపోత లాంటి పరీక్షమ్మా. బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలుస్తాం, మీ రక్తం కూడా చూస్తాం. రెండూ కలిపి, పుట్టుకతో వచ్చే కొన్ని ఇబ్బందులు బిడ్డకి ఉండే అవకాశం ఎంతో చెప్తాం. ఉన్నాయని గానీ లేవని గానీ దీంతో తేలిపోదు."

పొట్ట మీద చల్లగా జెల్ రాశారు. తెర మీద బూడిద రంగులో బిడ్డ కదిలింది. "అబ్బా, చెయ్యి ఊపుతోందే!" అంటూ మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మరి నేనేం చేశానో తెలుసా? "డాక్టరమ్మా, ఆ నల్ల మచ్చేంటి?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. "అది బిడ్డ పొట్టమ్మా. ఉండాల్సిందే."

పక్కనున్న నర్సు నవ్వింది, మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ లోపల చచ్చిపోయాను. కన్నబిడ్డను మొట్టమొదటిసారి చూస్తూ మరక వెతికానా! ఛీ, ఇదేం బుద్ధి! ఇంటికి రాగానే స్కాన్ ఫోటోని బీరువాలో బట్టల కింద పెట్టేశాను. అత్తయ్య చూపించమంటే తర్వాత చూద్దురు లెండి అన్నాను. బయటికి తీస్తే మళ్ళీ ఏదో ఒకటి వెతుకుతాను, నా సంగతి నాకు తెలీదూ?

తర్వాతి వారం, ఫ్యాక్టరీలో భోజనాల వేళ డాక్టరమ్మ ఫోన్ చేసింది. చాలా నిదానంగా మాట్లాడింది. అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువగా వచ్చిందట. ఇలా వచ్చినవాళ్ళలో చాలామందికి బిడ్డ బాగానే పుడుతుందట. ఇంకో రక్త పరీక్ష ఉందట, దాంతో మరికాస్త స్పష్టంగా తెలుస్తుందట. "చేయించుకోవాలా వద్దా అనేది మీ ఇద్దరూ ఆలోచించుకుని చెప్పండి, కంగారు లేదు" అంది. సరేనన్నాను. మధ్యాహ్నమంతా చొక్కాలు చూస్తూనే ఉన్నాను, ఒక్క బాణం కూడా అతికించలేదు. ఆ పూట ఎన్ని వంకర కాలర్లు దాటిపోయాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి స్కాన్ ఫోటో భోజనాల బల్ల మీద ఉంది. దాని మీద, సరిగ్గా బిడ్డ దగ్గర, నా ఎర్ర బాణం ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు అతికించారిది? బుద్ధుందా అసలు? కడుపులో ఉన్న బిడ్డ మీద బాణమేంటి!"

అత్తయ్య బిత్తరపోయింది. మా ఆయన గరిటెతో వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "నేనేనే. అమ్మ చూస్తానంటే బీరువాలో వెతికి తీశా. ఏది ఏంటో తెలియట్లేదంటే, అక్కడే సొరుగులో నీ ఫ్యాక్టరీ స్టిక్కర్ల కట్ట కనిపించింది. ఇదిగో, ఇక్కడ చెయ్యి ఊపుతోంది చూడు అని అతికించా. ఏం, తప్పా?"

అత్తయ్యకు చూపు తక్కువ. ఫోటోని ముక్కుకి ఆనించుకుని, "బాణం పెట్టాకే కనిపించింది అమ్మాయ్. వేళ్ళన్నీ చాపింది, నా బంగారు కొండ!" అంది.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఫోన్ సంగతంతా చెప్పాను. మా ఆయన వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ పరీక్ష చేయించుకుందాం," అన్నాడు. "ఏదైనా ఉంటే ముందే తెలుస్తుంది, దానికి తగ్గట్టు మనమూ సర్దుకుంటాం. భయమేస్తోందా?"

"పరీక్షంటే కాదండీ, నేనంటేనే భయం. నాకు లోపమే ముందు కనిపిస్తుంది. రేపు బిడ్డ ఎలా పుట్టినా సరే, ఒళ్ళో పెట్టుకుని అదే వెతుకుతూ కూర్చుంటానేమో. అలాంటి తల్లి ఆ బిడ్డకెందుకు?" ఇక ఏడుపు ఆగలేదు.

మా ఆయన నా ముక్కు తుడిచాడు. "మరి నన్ను చేసుకునేటప్పుడు చూడలేదా?"

"చూడకేం? ఒక చెవి రెండోదానికంటే పెద్దది. నడుస్తుంటే భుజం ఓ పక్కకి వాలుతుంది. నవ్వితే చిగుళ్ళు..."

"చాల్లే, ఆపు! అన్నీ చూసి కూడా వెనక్కి తోసెయ్యలేదేం?"

సాయంత్రం స్టాపులో నిలబడితే, వచ్చే బస్సులో నాకు ముందు కనిపించేది ఆ పెద్ద చెవే. అది కనిపిస్తేనే నా ప్రాణం కుదుటపడుతుంది. ఇన్నేళ్ళలో ఈ మాట ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఆయన చెవి తడుముకుని, తల్లి ముందు సిగ్గుపడిపోయాడు.

అత్తయ్య ఇంకా ఫోటో వదల్లేదు. "ఇదేంటే, ఇక్కడ నల్లగా ఉంది?" అంది.

స్టిక్కర్ల కట్ట తెచ్చాను. ఫోటో నా ముందుకి జరుపుకుని, మొదటిసారి తీరిగ్గా చూశాను. ఒక బాణం ఒలిచి ఆ నల్ల మచ్చ పక్కన నేనే అతికించాను.

"అది పొట్ట అత్తయ్యా," అన్నాను. "ఉండాల్సిందే."