గాగుల్స్ ఉపన్యాసం

మా మామగారి పేరు దేముడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఎడమకన్ను గాజుది. ఏటా విశ్వకర్మ పూజకు యూనియన్ వాళ్ళు ఆయన్ని మైకు ముందు నిలబెడతారు. ఇనుపరజను ఎగిరొచ్చి కన్నెలా పోయిందో చెప్పి, గాగుల్స్ పెట్టుకోండని ముగిస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. నా పెళ్ళిచూపుల్లోనూ ఈ ఉపన్యాసం విన్నాను. డ్యూటీలో కన్నిచ్చిన మనిషి ఇల్లని మా నాన్న మారుమాట లేకుండా సంబంధం ఖాయం చేశారు.

ఈ జూన్‌లో మా రెండేళ్ళ రష్మిత కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించింది. పిల్లికన్నులా ఎంత బాగుందోనని గోల్‌బజార్ బట్టలకొట్టతను ముచ్చటపడ్డాడు. కలకత్తా డాక్టరమ్మ ముచ్చటపడలేదు. కంటి క్యాన్సరంది. కన్ను తీసేస్తే ప్రాణం దక్కింది.

మీ కుటుంబాల్లో ఎవరికైనా చిన్నతనంలో కన్ను పోయిందా అని అడిగింది డాక్టరమ్మ. పోయుంటే ఇది వంశంలో దిగే రకమట. అప్పుడు మూడు నెలల మా అమర్‌నాథ్‌కీ ప్రమాదమేనట, నెలనెలా కళ్ళు చూడాలట. ఆ రోజు చూస్తే వాడి కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. మా ఆయన వినోద్, తన తండ్రిది డ్యూటీలో పోయిన కన్నని గర్వంగా చెప్పాడు. ఆ తండ్రి పక్కనే ఉన్నారు, ఒళ్ళో మనవడితో. ఒక్క ముక్క మాట్లాడలేదు. రష్మిత రక్తపరీక్ష ఫలితానికి చాలా వారాలు పడుతుందంటే, అదొచ్చాక చూద్దాంలెమ్మని ఇంటికొచ్చేశాం.

నాలుగు రోజులు మామగారు సరిగా తినలేదు. ఐదో రోజు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇందూ, పిల్లోణ్ణి మల్లీ తీసుకెల్లండమ్మా. నా కన్ను వర్క్‌షాపులో పోనేదు. రెండేల్లప్పుడే తీసేసినారు. ఇలాగే మెరిసీదని మా యమ్మ సెప్పీది."

"మరి ఉద్యోగానికి మెడికల్ టెస్టు ఎలా పాసయ్యారు?"

"నా బదులు మా అన్న నిలబడినాడు."

ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు ఇనుపరజను నిజంగానే మొహాన తగిలిందట. నలుగురూ కన్ను పోయిందన్నారు, ఈయన కాదనలేదు. మూడు వారాలు కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చుని, పాత గాజుకన్నునే కొత్తదని చెప్పి డ్యూటీకెళ్ళారట. చేతిలో ఉన్న గరిటెతో కొడదామన్నంత కోపమొచ్చింది నాకు. పరువు కోసం నా బిడ్డ కళ్ళని నాలుగు రోజులు పణం పెట్టారు. ఆయన ఏడుస్తున్నారు. ఏడవనిచ్చాను.

వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాం. కొందరు తమకి జబ్బు రాకుండానే పిల్లలకి దాన్ని అందిస్తారట, వినోద్ అలాంటివాడట. మొదటిసారి చూసిన మూడో వారంలోనే రమ్మంది. తీసుకెళితే అమర్‌నాథ్ కుడికంట్లో ఆవగింజంత గడ్డ దొరికింది. లేజరుతో కాల్చేశారు. రక్తపరీక్ష వచ్చేదాకా ఆగుంటే చూపు పోయేదంది.

సెప్టెంబరులో పూజకి మళ్ళీ పిలిచారు. మామగారు మైకు పట్టుకుని అన్న సంగతితో సహా మొత్తం చెప్పేశారు. పిల్లల కంట్లో తెల్లమెరుపు కనిపిస్తే ముచ్చటపడకండి, డాక్టరు దగ్గరకి పరిగెత్తండి అన్నారు. యూనియన్ సెక్రటరీ గణపతిరావు గారు మైకు అందుకుని, మనవల కోసం తన త్యాగాన్నే లేదన్న మహానుభావుడు మన దేముడు దాదా, కాబట్టి అందరూ గాగుల్స్ పెట్టుకోవాలి అన్నారు.

చప్పట్లు మోగిపోయాయి. నా ఒళ్ళో అమర్‌నాథ్ ఉలిక్కిపడి, తలెత్తి, రెండు కళ్ళతోనూ తాతను చూశాడు.