పెళ్ళికి పాత చొక్కాలు

కొరియర్ ఆఫీసు నుంచి వస్తూ వస్తూ పండు ఒక పెద్ద సంచీ మోసుకొచ్చింది. కుట్టుమిషను పక్కనున్న బల్ల మీద గుడ్డముక్కలన్నీ ఓ మూలకి నెట్టి, సంచీలోవి ఒక్కొక్కటే పేర్చింది. ప్లాస్టిక్ బుట్ట, చిన్న స్టీలు డబ్బా, గాజు సీసాలో కొవ్వొత్తి, బంగారు రంగు పూసిన కీచెయిన్.

"శాంపిళ్ళమ్మా. వీటిల్లో ఒకటి ఖాయం చెయ్యి. మనకున్న బడ్జెట్లో ఇవే వస్తాయి. ఇంకా నానిస్తే ఇవి కూడా దొరకవు."

అమ్మ ఎవరిదో గౌను నడుం దగ్గర కుట్టు విప్పుతోంది. పని ఆపి బుట్టని అటూ ఇటూ వంచి చూసింది. "ఇంటికెళ్ళేలోపే పగిలేట్టుంది." డబ్బా తీసుకుంది. మూత రాలేదు. "దీన్ని తెరవడానికి ఓ మనిషిని పెట్టుకోవాలే!" కొవ్వొత్తిని వాసన చూసి తుమ్మింది. కీచెయిన్ని మాత్రం ముట్టుకోను కూడా లేదు.

"అయితే ఏమిస్తావు? వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపుతావా?" పండు ముఖం మాడ్చుకుంది. "రెండో పెళ్ళి కదా, ఏదో మమ అనిపించేశారని ఎవరైనా అంటే నేను పడను."

పెళ్ళి పండుది కాదు, అమ్మది. ఎదురుగా కళ్ళద్దాల షాపు నడిపే ఆయనతో. వీధిలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. పొద్దున షట్టర్ ఎత్తగానే ఇటు చూసి తల ఊపడం, వాన వస్తే పరిగెత్తుకొచ్చి అమ్మ బయట వేలాడదీసిన బట్టలు లోపల పడెయ్యడం, ఇలాంటివన్నీ ముందు కనిపెట్టింది పండే. "ఏంటమ్మా సంగతి?" అని నిలదీసిందీ తనే. అమ్మ సిగ్గుపడి సూది గుచ్చుకుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, తర్వాత వీధి చివరి హాల్లో దగ్గరివాళ్ళకి భోజనాలు. అంతవరకూ అన్నీ సజావుగానే కుదిరాయి. ఈ రిటర్న్ గిఫ్టుల దగ్గరే బండి ఆగింది.

"నాకొకటి తోచింది. చెప్తే కోప్పడకూడదు," అంది అమ్మ.

లోపలి గదిలోకి వెళ్ళి మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగింది. మూత ఎత్తగానే పండుకి తెలిసిపోయింది. నాన్న చొక్కాలు.

నాన్న బట్టల షాపులో పనిచేసేవాడు. గుడ్డల తానుల చివర మిగిలిపోయిన ముక్కలు ఆయనకే ఇచ్చేసేవాళ్ళు. అమ్మ వాటితో చొక్కాలు కుట్టేది. గళ్ళవి, గీతలవి, చిలకపచ్చవి, ఇంకే మనిషీ కొనడానికి సాహసించని రంగులవి. ఒకసారి గుడ్డ చాలక చేతులు వేరే రంగువి పెడితే, ఇదే కొత్త ఫ్యాషనని షాపంతా నమ్మించి వచ్చాడు. అలాంటి మనిషి ఒకరోజు ఆ షాపు మెట్ల మీదే కూలబడి మళ్ళీ లేవలేదు. ఆ చొక్కాలు అప్పట్నుంచీ ఈ పెట్టెలోనే ఉన్నాయి.

"మాస్టారు చెప్పారు, జనం అద్దాలు ఏ గుడ్డ దొరికితే దాంతో తుడిచేసి గీతలు పడేట్టు చేస్తున్నారట," అంది అమ్మ. "ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డయితే బాగుంటుందట. మన పెళ్ళికొచ్చేవాళ్ళలో అద్దాలు లేనివాళ్ళెవరు చెప్పు? వీటితో అద్దాల సంచులు కుడదామని. అద్దాలు దాచుకోవచ్చు, తుడుచుకోవచ్చు."



"నాన్న చొక్కాలు కోసేస్తావా? నీ పెళ్ళికి?"

'నీ' అన్న చోట గొంతు తనకి తెలియకుండానే లేచింది. అమ్మ పైనున్న చొక్కా మడత సరిచేసింది.

"నువ్వు వద్దంటే మూత వేసేస్తా. మళ్ళీ ఈ మాట ఎత్తను," అంది.

కోపంగా అని ఉంటే పండు కూడా నాలుగు మాటలు అని తేలికపడేది. అమ్మ మామూలుగా అనేసరికి అక్కడ ఉండలేకపోయింది. చెప్పులేసుకుని వీధి దాటి నేరుగా షాపులోకి వెళ్ళింది.

మాస్టారు ఒక ఫ్రేములో అద్దం బిగిస్తున్నారు. "రా తల్లీ, కూర్చో."

పండు కూర్చోలేదు. "చొక్కాలు కోయమని చెప్పింది మీరేనా?"

"ఏ చొక్కాలు?"

ఆయనకి నిజంగానే తెలీదని ముఖంలోనే కనబడుతోంది. పండు చెప్పింది. వినేకొద్దీ ఆయన చేతిలో పని ఆగిపోయింది. ఫ్రేము బల్ల మీద పెట్టారు.

"మెత్తటి గుడ్డ కావాలని అన్న మాట నిజమే. ఏ గుడ్డో మీ అమ్మ నాకు చెప్పలేదు."

"మరి విన్నాక మీకేం అనిపించట్లేదా?"

"ఎందుకనిపించదు? భయమేస్తోంది," అన్నారు మాస్టారు. "అందరి చేతుల్లో ఆయన చొక్కాలుంటే, ఆయన్నీ నన్నూ పక్కపక్కన పెట్టి చూస్తారు. నేను ఆయనంత సరదా మనిషిని కాదు కదా. కానీ మీ అమ్మ ఆయన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుని నాతో రావాల్సొస్తే, నాకు అది ఇంకా పెద్ద భయం."

పండు మెల్లగా బెంచీ మీద కూలబడింది.

"ఈ బెంచీ మీదే కూర్చున్నారు మీ నాన్న, మొదటిసారి వచ్చినప్పుడు," అన్నారు ఆయన. "ఆ రోజు చాలామంది ఉన్నారు. ఆయన వంతు వచ్చేసరికి గోడ మీదున్న అక్షరాల పటం పైనుంచి కిందదాకా గడగడా చదివేశారు. చూపు బ్రహ్మాండం అనుకున్నా. అయినా ఎందుకో అనుమానమొచ్చి పటం మార్చాను. దాన్నీ గడగడా చదివేశారు. అవే అక్షరాలు!"

"అంటే?"

"ముందున్నవాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టేశారమ్మా! పటం మార్చిన సంగతి కూడా ఆయనకి కనబడలేదు."

పండు ఫక్కున నవ్వింది. "మాకేమో అద్దాలు స్టైలు కోసం పెట్టుకుంటున్నానని చెప్పాడు!"

"ఫ్రేము ఎంచడానికి గంట పట్టింది మరి, స్టైలే కదా!"

నవ్వుతూ నవ్వుతూనే పండుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న గురించి తనకి తెలియని విషయం వినడం, ఆయన పోయాక ఇదే మొదటిసారి. మాస్టారు ఫ్రేము మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఆమె తేరుకునేదాకా దాన్నే తుడుస్తూ కూర్చున్నారు.

తిరిగొచ్చేసరికి అమ్మ పెట్టె మూసేసి గౌను ముందేసుకుని కూర్చుంది.

"పెద్ద కత్తెర ఎక్కడమ్మా?"

అమ్మ తలెత్తి చూసింది. "బాగా ఆలోచించుకో. కోశాక మళ్ళీ చొక్కా కాదది."

"తెలుసు. దేంతో మొదలెడదాం?"

ఆ ఆదివారం ఇద్దరూ నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. పండు బొత్తాలు విప్పి పళ్ళెంలో వేస్తుంటే, అమ్మ వీపు భాగం పరిచి సుద్దతో గీతలు గీసింది. కాలర్లు అరిగిపోయాయి గానీ వీపు గుడ్డ నిక్షేపంగా ఉంది. మొదటి సంచికి కాస్త బిగువెక్కువైంది, అద్దాలు దూరలేదు. రెండోది సరిపోయింది. ఏ చొక్కా బొత్తాం ఆ చొక్కా సంచికే కుట్టాలని పండు పట్టుబట్టింది. చేస్తూ చేస్తూ అక్షరాల పటం కథ చెప్తే, అమ్మ సుద్దముక్క పడేసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

నవ్వు ఆగాక అంది. "ఈ పెళ్ళికి పిలిచినవాళ్ళలో సగం మంది, ఆయన పోయిన రోజు వచ్చినవాళ్ళే. ఎండలో నిలబడ్డారు పాపం. ఎవరికీ గుక్కెడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేకపోయాను. నాకు ఒంటిమీద స్పృహే లేదు. ఇప్పుడైనా వాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టాలని ఉంది. అది ఆయనది కూడా అయితే బాగుంటుందనిపించింది, అంతే."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్పనిచ్చావా? కళ్ళెర్రజేసుకుని వెళ్ళిపోయావు."

వేరే రంగు చేతుల చొక్కా చేతికి రాగానే పండు దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఇది కోయొద్దు. నాకు కావాలి."

"అదా! అది కుట్టినందుకు నాకిప్పటికీ సిగ్గే," అంది అమ్మ. కానీ మడతపెట్టి ఇచ్చింది.

పెళ్ళిరోజు సంతకాలు అయిపోయాయి. భోజనాలయ్యాక గుమ్మం దగ్గర పండు బుట్టలోంచి ఒక్కో సంచి తీసి ఇస్తోంది. కొందరు చూసి మురిసిపోయి అప్పటికప్పుడే అద్దాలు అందులో పెట్టుకున్నారు. కొందరు ఏ షాపులో కొన్నారని అడిగారు. అంతలో మేనత్త వంతు వచ్చింది, నాన్నకి సొంత అక్క. పిలిస్తే వస్తుందనే ఆశ ఎవరికీ లేదు. వచ్చింది గానీ అంతసేపూ ఓ మూల కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది. అమ్మతో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడింది. మాస్టారి వైపు అసలు చూడనే లేదు.

పండు భయపడుతూనే చిలకపచ్చ సంచి ఆమె చేతిలో పెట్టింది. మేనత్త దాన్ని వేళ్ళతో రుద్దింది. తిప్పి చూసింది. అమ్మ కూడా దగ్గరికొచ్చి నిలబడింది, వెనకే మాస్టారు.

"ఇది మా తమ్ముడి చొక్కా కదూ?"

"అవును వదినా," అంది అమ్మ. ఆ గొంతు వినపడీ వినపడకుండా ఉంది.

మాస్టారు ఒకడుగు వెనక్కి తగ్గారు.  మేనత్త అద్దాలు తీసింది. ఆ సంచితోనే కళ్ళు ఒత్తుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఈ రంగు వాడికి ఏనాడూ నప్పలేదు," అంది చివరికి. "చెప్తే వినేవాడా? పెళ్ళిళ్ళకీ ఇదే, ఆసుపత్రికీ ఇదే." ముక్కు ఎగబీల్చి పండు వైపు తిరిగింది. "గీతల చొక్కాది కూడా ఉందా? ఉంటే అదీ ఒకటివ్వు. రెండూ నాకే."

పండు ఒకటి కాదు, రెండు గీతలవి తీసిచ్చింది. అమ్మ మేనత్త చెయ్యి పట్టుకుంటే ఆమె విడిపించుకోలేదు.

వెళ్ళబోతూ మేనత్త మళ్ళీ ఆగింది. మాస్టారిని పైనుంచి కిందదాకా తీరిగ్గా చూసింది. 

"తమ్ముడూ," అంది మేనత్త. "నా అద్దాలు ఈమధ్య ఊరికే జారిపోతున్నాయి. ఓసారి చూస్తావా?"

మాస్టారు కొత్త కోటు జేబులు తడుముకున్నారు. పెళ్ళికని వస్తూ పనిముట్టు ఒక్కటీ తెచ్చుకోలేదు. "షాపు ఇక్కడే అక్కా, రెండడుగులు. ఇప్పుడే బిగించేస్తా రండి," అన్నారు. అమ్మ కూడా వాళ్ళతో నడిచింది. షట్టర్ ఎత్తిన చప్పుడు హాలు దాకా వినపడింది.