షేరు కక్కిన కేసు

సోమవారం ఉదయం తొమ్మిదింబావుకు బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ గేటు లోపల, లాన్ పక్కన కట్టేసి ఉన్న షేరు గడ్డి తిని పచ్చగా కక్కింది. షేరు వీధికుక్క. గురువారం ఆడిట్.

సెక్యూరిటీ గార్డు పెంటయ్య బకెట్ నీళ్లు పోసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ క్వాలిటీ మేనేజర్ కామరాజు చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"విచారణ ఓపెన్ చెయ్యండి! మేం కుక్క కక్కినా వదలమని ఆడిటర్‌కి తెలియాలి."

"కుక్కలన్నంక గడ్డి తింటయి సార్," అన్నాడు పెంటయ్య. "కడుపు ఖాళీగున్నా తింటయి, నిండినా తింటయి. వాటికి గదొక ఇష్టం."

"ఇష్టం కారణం కాదయ్యా. ఫారంలో ఆ గడి లేదు."

ఆ ఫ్యాక్టరీలో ఏం జరిగినా ఐదుసార్లు 'ఎందుకు' అని అడుగుతారు. ఐదో జవాబు ఎప్పుడూ అందరికన్నా కింద ఉన్నవాడి దగ్గరే ఆగుతుంది.

మధ్యాహ్నం ఏసీ గదిలో ఆరుగురు కూర్చున్నారు. కుక్క ఎందుకు కక్కింది? గడ్డి తిన్నందుకు. ఎందుకు తింది? లాన్ పక్కన ఉన్నందుకు. అక్కడెందుకుంది? గార్డు కట్టేశాడు. ఎందుకు కట్టేశాడు? ఆడిట్ దాకా రోడ్డు మీద కుక్క కనపడొద్దని కామరాజే చెప్పాడు. ఆ జవాబు ఎవరూ రాయలేదు. టీ తాగి, ఐదో జవాబుగా 'గార్డుకు శిక్షణ లేదు, మానవ తప్పిదం, శుక్రవారం నుంచి తొలగించాలి' అని రాశారు.

పదకొండేళ్ల నౌకరీ కుక్క కక్కులో కొట్టుకుపోతోంది.

ల్యాబ్‌లో పనిచేసే భవ్యశ్రీ ఫారం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. "కాకా, నీ వాంగ్మూలం గడి ఖాళీగుంది. ఏమన్న చెప్తవా?"

"రాయమ్మా. షేరు రోజూ గేటు బయట గడ్డి తింటది. ఎన్నడూ కక్కలే. లోపలి గడ్డి తిన్న ఒక్క దినమే కక్కింది. ఎందుకో ఇగ మీరే ఐదుసార్లు అడుగుర్రి."

భవ్యశ్రీ ఉన్నదున్నట్టు రాసుకుంది. వాంగ్మూలంలో చెప్పింది పరీక్షించి తీరాలి, అది రూలు. రెండు చోట్ల గడ్డీ ల్యాబ్‌కు వెళ్లింది.

బుధవారానికి ఫైలు నలభై పేజీలైంది. కామరాజు ఎప్పటిలాగే చివరి పేజీ ఒక్కటే తీసి సంతకం పెట్టాడు.

గురువారం, మందులు కొనే కంపెనీ తరఫున ఆడిటర్ సుశీల వచ్చింది. కామరాజు అన్నిటికన్నా ముందు ఆ ఫైలే పెట్టాడు.

"చూడండి మేడమ్, కుక్కను కూడా వదల్లేదు!"

ఆమె మొదటి పేజీ నుంచి చదివింది. ఇరవై మూడో పేజీలో కళ్లజోడు సర్దుకుంది.

"బయటి గడ్డిలో ఏమీ లేదు. మీ లాన్ గడ్డి నిండా మందుల తయారీలో వాడే సాల్వెంట్ రసాయనం. శుద్ధికి పోవాల్సిన వ్యర్థజలం లాన్‌కు పెడుతున్నారా?"

కామరాజు ఫైలు తన వైపు లాక్కోబోయాడు. "అది... మానవ తప్పిదం మేడమ్."

"ఏ మానవుడిది?"

లాన్‌కు నీళ్లు వదిలే పంపు రిజిస్టర్ తెప్పించింది. ప్రతి ఆదివారం అనుమతి సంతకం ఒక్కరిదే. ఫైలు చివరి పేజీలో ఉన్నదీ అదే. గార్డు తొలగింపు ఆపమని రాసి, ఐదో జవాబు మళ్లీ రాయించమంది. ఈసారి కామరాజు లేకుండా.

గేటు బయట షేరు తాడు లేకుండా, తీరిగ్గా గడ్డి కొరుకుతోంది.

"తిను బిడ్డా," అన్నాడు పెంటయ్య. "లోపలిది ముట్టకు. అది సార్లకుండనియ్."