వంకాయల సాగు

లాలాగూడలో నేను నడిపే చిన్న లైబ్రరీకి, నిజాం సర్కారు నిషేధించిన కొత్త నవల ఒకటి చాటుగా వచ్చింది. దానికి 'వంకాయల సాగు' అని అట్ట వేసి, నమ్మకస్తులకే ఇచ్చేవాణ్ణి. ఏడాదిలో నలభై మంది తీసుకెళ్లారు. తిరిగిచ్చేటప్పుడు అందరిదీ ఒకటే మాట: "రక్తం ఉడికింది సార్!"

పోలీసు యాక్షన్ ముగిసిన వారానికి ఆ అట్ట దర్జాగా చించేసి, నవల తెరిచాను. కొత్త పుస్తకాల్లో పేజీలు అంచుల దగ్గర మడతలతో కలిసే వస్తాయి. చాకుతో కోసుకుంటేనే చదవగలం. ఇందులో ఒక్క మడతా కోసి లేదు.

నాకు ఒళ్లు మండింది. అందరికంటే ఎక్కువ పొగిడిన రైల్వే ఫిట్టర్ సోమయ్యను పిలిపించాను.

"చదవకుండానే రక్తం ఎట్లా ఉడికిందయ్యా?"

"పోలీసోళ్లు వస్తరేమోనని బియ్యం డబ్బాల దాసిన, యెషయా సార్. దినాం పరేషానే. ఇగ సదువుడు యాడిది?" అంటూ అతను పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడో అధ్యాయం సదివి ఏడ్సిన అని మీరే చెప్తిరి గద. గీ పేజీలు కోయకుండ మీరెట్ల సదివిన్రు?"

నేను చాకు కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టాను.